పాత అక్వేరియం అద్దానికి పట్టిన తెల్ల గార, గీత పడకుండా వదిలించడం ఎలా

వాడేసిన ట్యాంక్ ఒకటి ఇంటికి తెచ్చుకున్నాక చాలామందికి మొదట కంట్లో పడేది ఆ తెల్ల గారే. నీటి మట్టం ఉండే చోట అద్దం చుట్టూతా మందపాటి పట్టీలాగా, దాని కింద నీళ్లు కారిన చారలు, మూత దగ్గరేమో పెచ్చులు పెచ్చులుగా. తడిబట్టతో తుడిస్తే మొత్తం పోయినట్టే ఉంటుంది, ఆరగానే మళ్లీ ఎక్కడిది అక్కడే. అది చూసి కొంతమంది ఇక ఇది పనికిరాదులే అని మూల పడేస్తారు, ఇంకొంతమంది గిన్నెలు తోమే స్టీల్ పీచు పట్టుకుని దాని మీద పడతారు. రెండూ వద్దు. నేను నా మొదటి ట్యాంక్ కి రెండోదే చేశాను, ముందు అద్దం మీద పడ్డ ఆ గీతలు లైట్ వేసినప్పుడల్లా కనపడేవి, ఆ ట్యాంక్ ఉన్నన్నాళ్లూ మనసులో అదొక వెలితి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందే ఒక మాట, ఈ పనిలో రుద్దడం తక్కువ, నానబెట్టడమే ఎక్కువ. గార వదలట్లేదు అంటే అది ఇంకా సరిగ్గా నానలేదని అర్థం, మీరు గట్టిగా రుద్దట్లేదని కాదు.

అసలు అదేంటో తెలిస్తే పని సులువవుతుంది. మనం ట్యాంక్ లో పోసే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. నీళ్లు ఆవిరైనప్పుడు నీళ్లు మాత్రమే పోతాయి, ఇవి పోవు, అద్దం అంచున ఆరిపోయిన ప్రతి చుక్కా తనలో ఉన్నదంతా అక్కడే వదిలేసి పోతుంది. నీళ్లలో ఉన్నప్పుడు అది కాల్షియం బైకార్బనేట్, ఆరేటప్పుడు అందులోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి కాల్షియం కార్బనేట్ గా గట్టిపడుతుంది, అంటే సున్నపురాయిలో ఉండేదే ఇక్కడా ఉన్నది. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టేదీ ఇదే. మామూలు నీళ్లకి కరగదు, సబ్బుకి అస్సలు లొంగదు, కానీ యాసిడ్ తగిలిందంటే మాత్రం సన్న బుడగలు వస్తూ కరిగిపోవడం మొదలెడుతుంది, ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. ఏళ్ల తరబడి పొర మీద పొర పడి ఉంటుంది కాబట్టి పై పొర కరిగాక కింద పొరకి మళ్లీ యాసిడ్ అందాలి, టైమ్ పట్టేది అందుకే.

అలాగని తెల్లగా కనపడేదంతా ఇదే అనుకోవద్దు. మొదలుపెట్టే ముందు ఒక మూల ఒక చుక్క వెనిగర్ వేసి దగ్గరగా చూడండి. బుడగలొస్తే మన గారే, హాయిగా ముందుకెళ్లిపోవచ్చు. అది సముద్రపు చేపల ట్యాంక్ అయితే అంచుల మీద తెల్లగా పేరుకున్నది ఉత్త ఉప్పు కూడా అయ్యుండొచ్చు, దానికి గోరువెచ్చని నీళ్లు చాలు. అదే ట్యాంక్ లో గులాబీ, ఊదా రంగు గట్టి మచ్చలు ఉంటే అది కోరలైన్ ఆల్గే అనే ఒకరకం పాచి, అది తన ఒంట్లోనే కాల్షియం కార్బనేట్ కట్టుకుంటుంది, కాబట్టి వెనిగర్ మంత్రం దానికీ పనిచేస్తుంది. బుడగలు రాకుండా, గోటికి గరుగ్గా కూడా తగలకుండా మంచు పట్టినట్టు మసగ్గా ఉంటే మాత్రం అది గార కాకపోవచ్చు, అద్దమే దెబ్బతిని ఉండొచ్చు, దాని సంగతి చివర్లో చెప్తా.

ఇంకొకటి, అది గాజా లేక అక్రిలిక్కా, అంటే గాజులా కనపడే ప్లాస్టిక్కా అని ఖచ్చితంగా తేల్చుకోండి. గాజు ట్యాంక్ అయితే మూలల్లో సిలికాన్ గీతలు నల్లగానో పారదర్శకంగానో రబ్బరులాగా కనపడతాయి, తట్టితే గలగలమంటుంది, ఎత్తితే బరువుగా ఉంటుంది. అక్రిలిక్ తేలిగ్గా ఉంటుంది, జాయింట్లు కరిగించి అతికించినట్టు శుభ్రంగా ఉంటాయి, తట్టితే డబ్ డబ్ మని మెత్తటి చప్పుడు. అక్రిలిక్ మీద బ్లేడు పెట్టకూడదు, అమ్మోనియా ఉండే అద్దాల క్లీనర్లు కొట్టకూడదు, స్పిరిట్ తగలనివ్వకూడదు, లోపల సన్న పగుళ్లు వచ్చేస్తాయి, అవి మళ్లీ పోవు. దానికి పల్చటి వెనిగర్, మెత్తటి బట్ట, ఓపిక, అంతే. ఇక్కణ్నుంచి నేను చెప్పేదంతా గాజు ట్యాంక్ గురించే.

గీతలు ఎందుకు పడతాయో కాస్త చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో ట్యాంకులు పాడయ్యేది ఇక్కడే. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద మన గార దాదాపు 3, అద్దం 5.5 దగ్గర్లో, ఇసుక రేణువు అంటే క్వార్ట్జ్ 7. అంటే గార కంటే గట్టిగా, అద్దం కంటే మెత్తగా ఉండేదేదైనా మనకి పనికొస్తుంది, ఇసుక మాత్రం అద్దానికి శత్రువే. స్పాంజి ఎంత మెత్తటిదైనా దాని కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, మీరు తుడిచినంత మేరా గీత. అందుకే మొదటి పని ట్యాంక్ ని పూర్తిగా ఖాళీ చేయడం, ఇసుక, గులకరాళ్లు, బొమ్మలు అన్నీ తీసేసి, మూలల్లో ఇరుక్కున్న రేణువులు కూడా పోయేదాకా మామూలు నీళ్లతో రెండు మూడు సార్లు కడగడం. సబ్బు గానీ గిన్నెలు తోమే లిక్విడ్ గానీ వద్దు, ఎంత కడిగినా మూలల్లో ఎక్కడో కాస్త మిగిలిపోతుంది, చేపల మొప్పలకి అది పడదు. పచ్చ పాచి ఉంటే అది కూడా ఇప్పుడే గీకి తీసేయండి, పాచి అడ్డం ఉంటే వెనిగర్ గారదాకా చేరదు.

ఇప్పుడు అసలు పని. కావాల్సింది మామూలు తెల్ల వెనిగర్, సాధారణంగా 5 శాతం అసిటిక్ యాసిడ్ ఉంటుంది, రంగు, మసాలా వాసన ఏమీ కలపనిది తీసుకోండి. దీంతోపాటు టిష్యూ పేపర్లు, పల్చటి ప్లాస్టిక్ షీట్, పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి, కొత్త బ్లేడు బిగించిన స్క్రేపర్, పాత టూత్ బ్రష్, రబ్బరు గ్లవ్స్. కిటికీలు తెరిచి పెట్టుకోండి, వెనిగర్ ఘాటు మూసిన గదిలో తలనొప్పి తెప్పిస్తుంది.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే ట్యాంక్ నిలబెట్టే ఉంచి అద్దం మీద వెనిగర్ స్ప్రే కొట్టి వెంటనే రుద్దడం మొదలుపెడతారు. నిలువు అద్దం మీద వెనిగర్ నిలవదు కదండీ, జారిపోతుంది, పై పొర కాస్త తడుస్తుంది అంతే. అద్దాన్ని పడుకోబెట్టాలి. కింద మందపాటి దుప్పటో ఫోమ్ షీటో పరిచి, ఖాళీ ట్యాంక్ ని ఇద్దరు పట్టుకుని నెమ్మదిగా పక్కకి పడుకోబెట్టండి, గార ఉన్న అద్దం కిందకి రావాలి. ఒక అంచు మీదో మూల మీదో బరువంతా పడకుండా దించండి, నీళ్లు కొంచెం ఉన్నా ఈ పని చేయొద్దు.

పడుకోబెట్టాక వెనిగర్ పోసి మడుగులా నిలబెడదాం అనుకుంటారు కానీ గార ఎక్కువగా ఉండేది పై అంచు దగ్గర, ఆ వైపు తెరిచే ఉంటుంది, పోసినదంతా బయటికి కారిపోతుంది. అందుకని టిష్యూ పద్ధతి. గార మీద టిష్యూలు రెండు మూడు పొరలు పరిచి వాటి మీద వెనిగర్ మెల్లగా పోసి తడపండి, వేళ్లతో నొక్కి కింద గాలి లేకుండా అద్దానికి అతుక్కునేలా చేయండి, గాలి బుడగ ఉన్న చోట గార అలాగే మిగిలిపోయి చివర్లో మచ్చలా కనపడుతుంది. పైన ప్లాస్టిక్ షీట్ కప్పేయండి, ఆరిపోకుండా. ఈ షీట్ చిన్న విషయంలాగా కనపడుతుంది కానీ దీంతోనే పని సగం అయిపోతుంది, ఎందుకంటే ఆరిన వెనిగర్ ఏ పనీ చేయదు.

పల్చటి పొర అయితే ఒక గంట చాలు. మందంగా ఉంటే మూడు నాలుగు గంటలు, మరీ మొండిదైతే రాత్రంతా వదిలేయండి, మధ్యలో ఒకటి రెండు సార్లు చూసి మళ్లీ తడపండి. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి, బుడగలు ఆగిపోయాయంటే గార అయిపోయిందని కాదు, ఆ వెనిగర్ లో బలం అయిపోయి ఉండొచ్చు. లెక్క ప్రకారం ఒక లీటరు 5 శాతం వెనిగర్ మహా అయితే 42 గ్రాముల దాకా కాల్షియం కార్బనేట్ ని కరిగించగలదు, టిష్యూలో ఉండేది ఎంతండీ, వంద మిల్లీలీటర్లు ఉంటే ఎక్కువ, అంటే నాలుగు గ్రాములు. కాబట్టి పాత టిష్యూలు తీసేసి కొత్త టిష్యూ, కొత్త వెనిగర్. అదే వెనిగర్ ని రెండు రోజులు ఉంచినా ఉపయోగం లేదు, నాలుగు సార్లు మార్చితే ఉంటుంది.

వేడి చేస్తే తొందరగా అవుతుంది కదా అని మరిగే నీళ్లు, వేడి వెనిగర్ పోయొద్దు. చల్లటి అద్దం మీద వేడిది పడితే టప్పున పగిలిపోతుంది. గోరువెచ్చగా ఉంటే చాలు.

నానాక టిష్యూ తీసి ముందు ప్లాస్టిక్ కార్డుతో గీకండి. చాలామటుకు మెత్తబడిన సున్నంలాగా ముద్దగా వచ్చేస్తుంది, అలా వస్తుంటే భలే తృప్తిగా ఉంటుంది. కార్డుకి రానిదానికే బ్లేడు. బ్లేడు కొత్తది కావాలి, తుప్పు పట్టింది, అంచు నొక్కుకుపోయింది పనికిరాదు, నొక్కు ఉన్న చోటే గీత పడుతుంది. అద్దం తడిగా ఉండాలి, వెనిగర్ తోనే తడపండి. బ్లేడుని దాదాపు 30 నుంచి 45 డిగ్రీల వాలులో పెట్టి ముందుకి ఒకే వైపు తోయండి, ఎత్తండి, తుడవండి, మళ్లీ పెట్టి తోయండి. వెనక్కి ఈడ్చకూడదు, వెనక్కి ఈడ్చినప్పుడు ఊడొచ్చిన పెచ్చులన్నీ బ్లేడు కింద ఇరుక్కుంటాయి. తోస్తున్నప్పుడు కరకరమని శబ్దం వస్తే ఆగిపోండి, కింద ఏదో ఉంది, కడిగి మళ్లీ మొదలుపెట్టండి. బలం పెట్టాల్సి వస్తోంది అనిపిస్తే బ్లేడు పక్కన పెట్టేసి ఇంకో రౌండు నానబెట్టండి.

సిలికాన్ దగ్గరికి మాత్రం బ్లేడు తీసుకెళ్లొద్దు, కనీసం ఒక సెంటీమీటర్ దూరం ఉంచండి. చిన్న కోత పడినా కొన్నాళ్లకి అక్కణ్నుంచే లీక్ మొదలవుతుంది. మూలల్లో టూత్ బ్రష్ కి వెనిగర్ అద్ది మెల్లగా రుద్దుకోండి. వెనిగర్ వల్ల సిలికాన్ కరిగిపోతుందేమో అని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ భయం అక్కర్లేదు, ట్యాంకులకి ఎక్కువగా వాడే సిలికాన్ గట్టిపడేటప్పుడు తనే అసిటిక్ యాసిడ్ వదులుతుంది, కొత్తగా సిలికాన్ పెట్టినప్పుడు వచ్చే పుల్లటి ఘాటు వాసన అదే. చుట్టూ లోహపు ఫ్రేమ్ ఉండే బాగా పాత రకం ట్యాంకులకి మాత్రం యాసిడ్ ఆ ఫ్రేమ్ కి, దాని లోపలి పుట్టీకి తగలకుండా చూసుకోవాలి.

వెనిగర్ వాసన పడనివాళ్లకి నిమ్మ ఉప్పు, అదేనండీ సిట్రిక్ యాసిడ్ పొడి, మంచి దారి. లీటరు నీళ్లకి 50 నుంచి 100 గ్రాములు కలుపుకోండి, 50 గ్రాములతోనే దాదాపు ఆ వెనిగర్ అంత పని జరుగుతుంది, వాసన ఉండదు. ఒక్కటే జాగ్రత్త, దీన్ని అద్దం మీద ఆరనివ్వకూడదు. కాల్షియంతో కలిసి కాల్షియం సిట్రేట్ అవుతుంది, అది నీళ్లలో సరిగ్గా కరగదు, ఆరితే మళ్లీ తెల్ల పొడిలా పట్టేస్తుంది, గార తీసి గార పెట్టినట్టు. నానగానే వెంటనే ఎక్కువ నీళ్లతో కడిగేయండి. నిమ్మకాయ కోసి రుద్దినా పనిచేస్తుంది కానీ చిన్న మచ్చలకే, మొత్తం ట్యాంక్ కి అది తేలే పని కాదు.

వెనిగర్, వంటసోడా కలిపి రాయమని చాలామంది చెప్తుంటారు. కలిపితే రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, నురగ బ్రహ్మాండంగా వస్తుంది, మిగిలేది మాత్రం గారని కరిగించలేని ఉప్పు నీళ్లు. వంటసోడాని విడిగా, ఆఖర్న, తడి బట్ట మీద అద్దుకుని మిగిలిన సన్న మసకని రుద్దడానికి వాడుకోండి, అది అద్దం కంటే చాలా మెత్తన కాబట్టి గీత పడదు.

ఇక బాత్రూమ్ లు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ విషయం. అది గారని క్షణాల్లో తినేస్తుంది, నిజమే. కానీ దాని పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, చర్మం మీద పడితే కాలుతుంది, పక్కన ఉన్న ఇనుప వస్తువులు కూడా తుప్పు పడతాయి. ఒక రాత్రి ఆగితే వెనిగర్ చేసే పనికి అంత ప్రమాదం ఎందుకు, నేనైతే వద్దనే చెప్తా. ఇంకా ముఖ్యమైనది, ఏ యాసిడ్ నైనా, వెనిగర్ అయినా సరే, బ్లీచ్ తో కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది విషం. పాత ట్యాంక్ లో రోగాలేమైనా ఉంటాయేమో అని బ్లీచ్ తో శుభ్రం చేయాలనుకుంటే, యాసిడ్ పని పూర్తిగా అయిపోయి, బాగా కడిగి, ఆరిన తర్వాత ఇంకో రోజు విడిగా చేయండి, దాని తర్వాత క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

ట్యాంక్ నానుతున్న టైమ్ లోనే మిగతా సామాన్లు కూడా చూసుకోవచ్చు. గాజు మూతలు, ఫిల్టర్ గొట్టాలు, ఫిల్టర్ లోపల తిరిగే ఇంపెల్లర్ ఇవన్నీ ఒక బకెట్ లో వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి వేసేయండి. హీటర్ మీద గార పడితే వేడి నీళ్లలోకి సరిగ్గా దిగదు, ప్లగ్ తీసేసి, చల్లారాక, గాజు భాగం మాత్రం వెనిగర్ బట్టతో చుట్టి ఉంచండి. సున్నపురాళ్లు, గవ్వలు, పగడాలు మాత్రం ఆ బకెట్ లో వేయొద్దు, అవి కూడా కాల్షియం కార్బనేట్ వే, గారతో పాటు కరగడం మొదలెడతాయి.

అంతా అయ్యాక కూడా ఆరిన అద్దం మీద సన్నటి మంచులాంటి మసక మిగిలితే వేలు పెట్టి చూడండి. గరుగ్గా ఉంటే ఇంకా గార ఉంది, ఇంకో రౌండు. నున్నగా ఉండి, వెనిగర్ వేసినా బుడగలు రాకపోతే అద్దం పైపొరే దెబ్బతిన్నట్టు, నీళ్లు, ఆ నీళ్లలోని క్షారం ఏళ్ల తరబడి తగిలి అలా అవుతుంది. అది లోపలి వైపే ఉంటే కంగారు పడకండి, ట్యాంక్ లో నీళ్లు పోసి చూడండి. వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకెని వక్రీభవన గుణకం అంటారు, అది గాలికి 1, నీళ్లది 1.33, గాజుది 1.52 చుట్టుపక్కల, అంటే గాజుకి నీళ్లు చాలా దగ్గర, కాబట్టి ఆ సన్న గుంతల్లో నీళ్లు నిండగానే వెలుగు చెదరడం బాగా తగ్గిపోతుంది, మసక చాలావరకు కంటికి కనపడకుండా పోతుంది. సన్న గీతలు కూడా అంతే. నీళ్లు పోశాక కనపడనిదానికి గంటల తరబడి పాలిష్ అక్కర్లేదు. బయటి వైపు మసక అయితే ఈ ఉపాయం పనిచేయదు, దానికి సీరియం ఆక్సైడ్ అనే గాజు పాలిష్ పొడిని నీళ్లతో ముద్దలా చేసి ఫెల్ట్ ప్యాడ్ తో రుద్దాలి, అద్దం వేడెక్కకుండా తడుపుతూ. చాలా నెమ్మది పని, గోటికి తగిలేంత లోతు గీతలైతే దానికీ పోవు.

తర్వాత కడగడం. మామూలు నీళ్లతో మూడు నాలుగు సార్లు నింపి పారబోయండి, కొత్త మైక్రోఫైబర్ బట్టతో తుడవండి, పూర్తిగా ఆరాక మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి, పుల్ల వాసన ఉంటే ఇంకోసారి.

లీక్ టెస్ట్ ని క్లీనింగ్ అయ్యాకే చేయమని నా గట్టి సలహా. ముందు ఒకసారి చూసుకున్నా సరే, తర్వాత మళ్లీ చేయాల్సిందే. పాత ట్యాంకుల్లో సన్న లీక్ ని ఒక్కోసారి ఆ గారే మూసి ఉంచుతుంది, మనం దాన్ని కరిగించేశాక అసలు సంగతి బయటపడుతుంది. సమంగా ఉన్న, తడిసినా ఫర్వాలేని చోట పెట్టి, కింద జాయింట్ల చుట్టూ పొడి టిష్యూలు పరిచి, నిండా నీళ్లు పోసి కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు ఉంచండి. టిష్యూ ఎక్కడ తడిస్తే లీక్ అక్కడుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న ట్యాంక్ కే 54 లీటర్లు పడతాయి, అంటే నీళ్ల బరువే 54 కిలోలు, కాబట్టి బలమైన చోటే పెట్టండి, నిండిన ట్యాంక్ ని జరపడానికి ఎప్పుడూ ప్రయత్నించొద్దు.

మళ్లీ గార పట్టకుండా ఉండాలంటే ఆవిరై తగ్గిన నీళ్ల బదులు ఆర్ఓ నీళ్లో డిస్టిల్డ్ నీళ్లో పోయండి, ఖనిజాలు లోపల ఎలాగూ మిగిలే ఉన్నాయి, కొత్తవి చేర్చక్కర్లేదు. నీళ్లు మార్చేటప్పుడు సంగతి వేరు, అప్పుడు చేపలకి ఖనిజాలు కావాలి, ఉత్త ఆర్ఓ నీళ్లు పోయకండి. మూత ఉంటే ఆవిరి తగ్గుతుంది, వారానికోసారి అంచు తడిబట్టతో తుడిచేస్తే పొర గట్టిపడే ఛాన్స్ ఉండదు. చేపలు ఉన్న ట్యాంక్ లో తెల్ల గార పట్టీ కనపడితే నీటి మట్టం నాలుగైదు సెంటీమీటర్లు తగ్గించి, బట్టకి వెనిగర్ అద్ది బాగా పిండి, ఒక్క చుక్క కూడా లోపల పడకుండా ఆ పట్టీ తుడవండి, పది నిమిషాలాగి మళ్లీ తుడవండి, తర్వాత మామూలు నీళ్లలో తడిపిన వేరే బట్టతో రెండు సార్లు తుడిచేసి, అప్పుడు మట్టం మళ్లీ పెంచుకోండి.